సూర్యుని పేరు గల వాయువు



విభవనామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము, అనగా 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున మన తెలుగుదేశములో సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. జనులు పట్టుస్నానములు చేసి జపములు చేసికొనుచుండగా, గుంటూరులో జాన్సెన్ అను పరాసు పండితుడు దూరదర్శినికి గాజుపట్టకము నమర్చుకొని సూర్యుని చూచుచుండెను. మచిలీపట్టణమున చెన్నపట్టణపు నక్షత్రశాలాధికారి పాగ్సనును, వనపర్తిలో ఆ శాలయందే పనిచేయు చింతామణి రఘునాథాచార్యులును అదే పని మీద నుండిరి.

గాజుపట్టకముతో పని యేమని మీరడుగవచ్చును. పొయ్యిమంటపై గుప్పెడు ఉప్పు చల్లి చూడుడు. మంట పసుపువన్నె దాల్చును. ఉప్పులోని సోడియమను మూలద్రవ్యమే అందులకు కారణము. ఆ వెలుగును సన్నని చీలిక గుండ పట్టకములోనికి పోనిచ్చి చూచినచో, రెండు పచ్చని గీతలు ఒకదాని ప్రక్క నొకటి కానవచ్చును. ఉదజనికి వేరు గీతలు, ఇనుమునకు వేరు గీతలు. కాపరి మందలో తన పశువును మచ్చను బట్టి పోల్చుకొనునట్లు, శాస్త్రజ్ఞుడు గీతలను బట్టి ద్రవ్యమును పోల్చుకొనును. ద్రవ్యము చేతికి చిక్కవలసిన పని లేదు. వెలుగు వచ్చిన చాలును.

గ్రహణము సంపూర్ణముగా నున్నది ఆరు నిమిషములకు లోపలనే. ఆ కొద్ది కాలములో జాన్సెన్ సూర్యబింబపు టంచున లేచు ఎర్రని జ్వాలలను పరీక్షించి, అవి మండుచున్న వాయువులని, అందు ఉదజని మెండుగా నున్నదని గ్రహించెను. గీతలు మిక్కిలి ప్రకాశవంతములుగా నుండుటచే, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మరునాడు గుంటూరులోనే చూచెను కూడ. ఆయన లేఖ సముద్రము దాటి పోవులోపల, ఇంగ్లండులో లాక్యరను పండితుడు అక్టోబరు 20వ తేదీన ఆ పనినే స్వతంత్రముగా సాధించెను. ఇరువురి వార్తలును అక్టోబరు 26వ తేదీన, ఒకే దినమున, పారిసు విజ్ఞానపరిషత్తున చదువబడెను. ఇరువురి ముఖములను ఒకే పతకముపై చెక్కించి పరాసు ప్రభుత్వమువారు గౌరవించిరి.

హీలియమును గుంటూరులో కనుగొనిరని మనము సగర్వముగా చెప్పుకొందుము. నేనును పలుమార్లు చెప్పినవాడనే. కాని న్యాయము పలుకవలసి వచ్చినచో, అది పూర్తిగా నిజము కాదు. గుంటూరులో దొరకినది మార్గము; క్రొత్త ద్రవ్యమున్నదని జాన్సెన్ అప్పుడు చెప్పియుండలేదు. జ్వాలలలోని పచ్చని గీత సోడియపు గీతల చోటున సరిగా లేదని, కొంచెము తొలగియున్నదని కొలిచి పట్టుపట్టినవాడు లాక్యరు. ఫ్రాంక్లండను రసాయనజ్ఞునితో కలిసి ఆ గీతను ఉదజని నుండి రప్పింప జూచెను; రాలేదు. కావున ఇది భూమిపై నెవరును చూడని ద్రవ్యమని తలంచి, గ్రీకు భాషలో సూర్యునకు ‘హీలియోస్’ అను పేరుండుటచే దానికి హీలియమని పేరిడెను. లోహమై యుండునని యెంచి సోడియమువలె ‘ఇయము’ అను తోక తగిలించెను. 1871లో విలియం థామ్సను ఒక సభాధ్యక్షోపన్యాసములో ఈ పేరును ప్రకటించెను. పెక్కురు నమ్మలేదు. పిడికెడు ద్రవ్యమైన చూపక పేరు మాత్రము చెప్పిన నమ్ముట యెట్లు? వారిని తప్పుపట్టలేను.

ఇరువదియేడు సంవత్సరములు గడచెను. అమెరికాలో హిల్లిబ్రాండ్ అనునాయన యురేనియపు ఖనిజముల నుండి ఒక వాయువును వెడలించెను గాని, నత్రజని యని యెంచి విడిచిపెట్టెను. దానిని విని, లండనులో విలియం రామ్సే 1895 మార్చిలో క్లీవైటను ఖనిజమును గంధకికామ్లములో కాచి, వచ్చిన వాయువులో విద్యుత్తును పోనిచ్చి చూచెను. ఆయన వెదకినది ఆర్గానును. కనబడినది సోడియముది కాని పచ్చని గీత! క్రూక్సను నిపుణుడు కొలిచి, అది సూర్యునియందలి గీతయే యని రూఢిపరచెను.

సూర్యుని ద్రవ్యము రాతిలో నేల యున్నది? యురేనియము వంటి ద్రవ్యములు తమంతట తాము శిథిలమగుచు వెలువరించు ఆల్ఫా కణములే హీలియముగా మారునని రూథర్‌ఫర్డు, రాయిడ్సులు 1908లో ప్రమాణపూర్వకముగ చూపిరి. అట్లు పుట్టిన వాయువు రాతిలోనే చిక్కుకొనియుండెను.

హీలియము లోహము కాదు, దేనితోను సులభముగా కలియని తేలిక వాయువు. 1898లో రామ్సే, ట్రావర్సులు దాని జాతివగు నియాను, క్రిప్టాను, జీనానులను కనుగొని, వానికి ఆర్గానును పోలిన పేర్లే పెట్టిరి. హీలియమునకు మాత్రము లోహపు తోక అట్లే యుండిపోయినది.