సుద్దముక్క తెలుపే, అంకె మాత్రం ఎరుపు!

నల్లబల్ల మీద తెల్ల సుద్దతో 5 వేస్తే బడిలో పిల్లలందరికీ అది తెలుపే. కాని నూటికి ఒకరో ఇద్దరో ఉంటారు, వారికి ఆ అంకెతోపాటు ఎరుపో, నీలమో తోస్తుంది. ఆ మాట పైకి అంటే బడిలో అల్లరి అనుకుంటారు, ఇంట్లో దిష్టి తీస్తారు. దిష్టితో గాని మందుతో గాని పని లేదు. ఇది జబ్బు కాదు, కంటి దోషమూ కాదు. శాస్త్రజ్ఞులు దీనిని సినస్థీషియా అంటారు.

మామూలు రంగుకు వెలుతురు కావాలి. మునిమాపు వేళ కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు నల్లబడినట్టుంటాయి, దీపం తెస్తే మళ్ళీ ఎరుపు. అంకె రంగుకు వెలుతురుతో నిమిత్తం లేదు. కళ్ళు మూసుకుని తలచుకున్నా కొందరికి అదే రంగు మెదులుతుంది. అలాగని అది సిరాను కప్పివేయదు. నల్ల సిరాతో రాసిన 5 నలుపేనని వారికీ తెలుసు. ఎక్కువమందికి ఆ రెండో రంగు మనసులోనే మెదులుతుంది, కొద్దిమందికి మాత్రం కాగితం మీద అద్దినట్టే ఉంటుంది. ఎర్రగా తోచే అంకెను ఆకుపచ్చ సుద్దతో రాసి, సుద్ద రంగేదని అడిగితే జవాబు ఒక లిప్త ఆలస్యమవుతుంది.

ఇది కట్టుకథేమో అనే అనుమానం సహజమే. మద్రాసులో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్, తన సహచరుడు హబ్బార్డ్‌తో కలిసి చేసిన పరీక్షను 2001లో ప్రకటించారు. కాగితమంతా నల్లని అంకెలే. వాటి నడుమ వేరే అంకెలతో త్రిభుజం వంటి ఆకారం ఇమిడ్చారు. మామూలువాళ్ళు తడబడిన చోట, అంకెలకు రంగు తోచే ఇద్దరు ఎక్కువసార్లు సరిగా చెప్పారు. పచ్చని చేలో బంతిపూల సాలు తేలినట్టు వారికి ఆకారం తేలింది.

వారికి తారసపడిన మరొకతని సంగతి ఇంకా వింత. కంటి లోపం వల్ల అతనికి కొన్ని రంగులు ఆనవు. అంకెలు చూసినప్పుడు మాత్రం లోకంలో ఏ వస్తువు మీదా చూడని రంగులు కనిపిస్తాయన్నాడు. వాటికి అంగారకుడి రంగులని పేరు పెట్టుకున్నాడు! మెదడులో అంకెను పోల్చే చోటు, రంగును పోల్చే చోటు ఇరుగుపొరుగున ఉన్నాయి. గట్టు తెగి నీరు పక్క మడిలోకి పారినట్టు ఒకదాని కదలిక రెండోదానికి పాకుతుందని రామచంద్రన్ వాదన. దీనిని అందరూ ఒప్పుకోలేదు.

పిల్లవాడు నిజం చెబుతున్నాడా అని తేల్చడానికి యంత్రాలు అక్కరలేదు. ఒక్కో అంకెకు, ఒక్కో అక్షరానికి ఏ రంగో అడిగి రాసుకోవాలి. చెప్పకుండా ఆరు నెలలాగి మళ్ళీ అడగాలి. కల్పించినవాడు చాలా తప్పుతాడు, నిజంగా తోచేవాడు ఇంచుమించు అవే చెబుతాడు. ఆ కాగితం మాత్రం పంతులుగారి పెట్టెలోనే ఉండాలి.