తేలిన చక్రానిదే పెత్తనం: ఎల్‌ఎస్‌డీ అపోహలు – వాస్తవాలు

దమ్ము చేసే మడిలో ట్రాక్టర్ చక్రం ఒకటి దిగబడి ఉత్తుత్తినే తిరుగుతుంటే డ్రైవర్ ఏం చేస్తాడో పల్లెలో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మడమ దగ్గరుండే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాడు. రెండో చక్రం నేలను పట్టుకుని బండిని పైకి లాగుతుంది. గట్టున పడగానే పెడల్ వదిలేస్తాడు. వదలకుండా మలుపు తిప్పితే బండి మొరాయిస్తుందని, ఇరుసు మీద భారం పడుతుందని అతనికి తెలుసు. అవే ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళి, సెకండ్‌హ్యాండ్ మజ్దా మియాటానో హోండా సివిక్‌నో కొని, ట్రాక్ మీద తిప్పాలని ముచ్చటపడే కుర్రాళ్ళు ‘ఎల్‌ఎస్‌డీ’ అనే మాట వినగానే ఈ ఇంగితమంతా మరిచిపోతుంటారు. ఎల్‌ఎస్‌డీ అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. దాని మీద ప్రచారంలో ఉన్న అపోహలు కాసిని కావు.

అపోహ: మామూలు డిఫరెన్షియల్ బలమంతా జారే చక్రానికే పంపేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినబడేది ఇదే, మిగతా అపోహల్లో చాలావాటికి వేరు కూడా ఇదే. కంపెనీ నుంచి వచ్చే ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ టార్క్‌ను సమానంగానే పంచుతుంది. జారే చక్రానికి ఎక్కువగా దక్కేది వేగం మాత్రమే. చిక్కల్లా ఆ సమానత్వంతోనే. లెక్కగా చూద్దాం. ఎడమ చక్రం తడి మట్టి మీద ఉంది, 100 న్యూటన్ మీటర్లు దాటితే జారిపోతుంది. కుడి చక్రం ఎండిన తారు మీద ఉంది, అది 1000 దాకా తట్టుకోగలదు. ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఎడమ చక్రానికి 100 మించి ఎక్కదు కాబట్టి కుడి చక్రానికీ అంతే. మొత్తం 200. ఇంజిన్‌లో ఎన్ని గుర్రాలున్నా ఆ 200తోనే సరిపెట్టుకోవాలి. పట్టు తక్కువున్న చక్రం ఎంతంటే పట్టు ఎక్కువున్న చక్రానికీ అంతే ప్రాప్తం.

రేస్ ట్రాక్ మీద బురద ఉండదు, నిజమే. కానీ మలుపులో కారు బరువు బయటి చక్రాల మీదికి ఒరిగిపోతుంది, లోపలి చక్రం తేలికవుతుంది. మలుపు చివర ఆక్సిలరేటర్ తొక్కితే ఆ తేలిన చక్రమే ముందు జారి, పక్కదాని చేతులు కట్టేస్తుంది. ఎల్‌ఎస్‌డీ విడదీసేది ఈ ముడినే.

అపోహ: ఎల్‌ఎస్‌డీ వేస్తే కారుకు పట్టు పెరుగుతుంది.

రోడ్డును పట్టుకునేది టైరొక్కటే. బయటి టైరు దగ్గర వాడకుండా మిగిలిపోయిన పట్టును వాడుకోనివ్వడం వరకే ఎల్‌ఎస్‌డీ పని. అరిగిన టైర్ల మీద ఖరీదైన డిఫరెన్షియల్ వేయించడం డబ్బు దండగ. రెండు చక్రాల కిందా ఒకే రకం పొడి రోడ్డు ఉండి, తిన్నగా పోతుంటే, అది ఉన్నా లేనట్టే.

వెనక చక్రాల బండికి ఇంకో మెలిక ఉంది. ఓపెన్ డిఫరెన్షియల్‌లో లోపలి చక్రం ఒక్కటే జారుతుంటే బయటి చక్రం కారును పక్కకు పోకుండా ఆపుతూ ఉంటుంది. ఎల్‌ఎస్‌డీతో వాన రోడ్డు మీద మోటుగా తొక్కితే రెండూ కలిసి జారతాయి, తోక బయటికి విసురుతుంది. భద్రత కోసం వేయిస్తున్నామనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని వేయించాలి.

అపోహ: టార్సెన్ లాంటి గేర్ల ఎల్‌ఎస్‌డీని మించింది లేదు.

వెర్నన్ గ్లీస్‌మన్‌కు 1958లో పేటెంట్ వచ్చిన టార్సెన్‌ది చక్కటి యంత్రాంగం. క్లచ్ ప్లేట్లు లేవు, అరుగుదల తక్కువ, పని చేస్తున్నట్టు స్టీరింగ్‌లో పెద్దగా తెలియదు కూడా. 1994లో 1.8 లీటర్ల ఇంజిన్ వచ్చినప్పుడు మియాటాలో పాత విస్కస్ ఎల్‌ఎస్‌డీ స్థానంలోకి వచ్చింది ఇదే. దీని దగ్గరి చుట్టమైన క్వైఫ్ హెలికల్ డిఫరెన్షియల్‌ను ఫోర్డ్ 2002 నాటి ఫోకస్ ఆర్‌ఎస్‌లో ఫ్యాక్టరీలోనే బిగించింది. ముందు చక్రాల కార్లకు బయట కొని వేయించేవాళ్ళు ఎక్కువగా ఈ జాతికే మొగ్గుతారు. నా ఓటూ రోడ్డు కారుకైతే దీనికే.

కానీ ఇది గుణకారం చేసే యంత్రం. పట్టు తక్కువున్న చక్రం మోసే టార్క్‌కు ఇన్ని రెట్లు అని పక్కదానికి పంపుతుంది. నిష్పత్తి 2.5 అనుకుంటే మన పాత లెక్కలో 100కు 250 కలిసి 350 అవుతుంది. అదే చక్రం గాలిలోకి లేస్తే? సున్నాను రెండున్నరతో హెచ్చవేసినా సున్నాయే. అమెరికా సైన్యపు హమ్వీలకు ముందూ వెనకా టార్సెన్లే. ఒక చక్రం గాలిలో తిరుగుతుంటే ఆక్సిలరేటర్ మీద కాలుంచి బ్రేకు కూడా కాస్త నొక్కమని వాటి డ్రైవర్లకు నేర్పుతారు. బ్రేకు ఆ ఉత్త చక్రానికి కొంత అడ్డు కల్పిస్తే, హెచ్చవేయడానికి యంత్రానికి ఒక అంకె దొరుకుతుంది. ట్రాక్ మీద ఎత్తు గట్ల మీంచి దూకిస్తూ, నడిపే చక్రాన్ని మాటిమాటికీ గాల్లోకి లేపేవాళ్ళకు ముందే కొంత బిగింపు పెట్టి ఉంచే క్లచ్ రకమే గతి.

అపోహ: వన్-వే కంటే టూ-వే గొప్పది.

అంకె పెద్దదైతే సరుకు మేలనుకునే అలవాటు. క్లచ్ రకం ఎల్‌ఎస్‌డీని విప్పితే సంగతి కంటికే కనిపిస్తుంది. చిన్న గేర్లను మోసే అడ్డ షాఫ్టు, దాని రెండు పక్కలా ఏటవాలు గాట్లున్న ఉక్కు రింగులు, వాటి వెనక క్లచ్ ప్లేట్ల దొంతర. టార్క్ పడగానే షాఫ్టు ఆ ఏటవాలు మీదికి ఎక్కబోయి రింగులను విడదీస్తుంది, అవి ప్లేట్లను నొక్కుతాయి, రెండు చక్రాలూ ఒకటవుతాయి. గాటుకు ఒక పక్కే ఏటవాలుంటే వన్-వే: తొక్కినప్పుడే బిగుస్తుంది. రెండు పక్కలా ఉంటే టూ-వే: కాలు తీసినప్పుడూ బిగుస్తుంది. రెండో పక్క బిగింపు తక్కువుండేలా కోస్తే అది ఒకటిన్నర.

డ్రిఫ్టింగ్ చేసేవాళ్ళకు టూ-వే ప్రాణం. కాలు తీసినా వేసినా వెనక ఇరుసు ఒకేలా నడుచుకుంటుంది మరి. ముందు చక్రాల సివిక్‌కు అదే వేస్తే, కాలు తీసి మలుపులోకి తిప్పేసరికి ముందు చక్రాలు రెండూ ఒక్కటై తిన్నగా పోతామని మొండికేస్తాయి.

అపోహ: ఇప్పటి కార్లలో ఎలక్ట్రానిక్స్ ఉండగా ఎల్‌ఎస్‌డీ దేనికి?

ఇందులో సగం నిజముంది. ఫోక్స్‌వ్యాగన్ ఎక్స్‌డీఎస్ లాంటివి ఓపెన్ డిఫరెన్షియల్‌నే ఉంచి, తేలిన చక్రానికి బ్రేకు వేస్తాయి. సమానంగా పంచే డిఫరెన్షియల్ కాబట్టి బ్రేకు దగ్గర పడినంత టార్క్ పక్క చక్రానికీ చేరుతుంది. ఈ పద్ధతిని తీసిపారేయలేం. మెక్‌లారెన్ 2011 నాటి తన ఎంపీ4-12సీ సూపర్‌కారును ఓపెన్ డిఫరెన్షియల్‌తోనే తెచ్చి, పని బ్రేకులకు అప్పగించింది. రోజూ ఆఫీసుకు పోయే కారుకు ఇంతకంటే అక్కర్లేదు. ట్రాక్ మీద పదేపదే అయితే మాత్రం ఆ బ్రేకులు కాగుతాయి, ప్యాడ్లు అరుగుతాయి, ఇంజిన్ ఇచ్చినదాంట్లో కొంత వేడిగా పోతుంది.

థార్ జీపు కొన్ని వేరియంట్లలో వచ్చే లాకింగ్ డిఫరెన్షియల్‌ను ఈ గొడవలోకి లాగకండి. నెమ్మదిగా పోయేటప్పుడు బురదలోంచి బయటపడేయడానికి పెట్టింది అది.

అపోహ: ఎల్‌ఎస్‌డీతో పికప్ పెరుగుతుంది.

లేదు. పికప్ మారేది డిఫరెన్షియల్‌ను తిప్పే క్రౌన్ పినియన్ గేర్ల నిష్పత్తి మారిస్తే. రెండు పనులూ ఒకేసారి చేయించుకుని, ఫలితమంతా ఎల్‌ఎస్‌డీ ఖాతాలో వేసేవాళ్ళున్నారు.

అపోహ: లోపలి గేర్లు వెల్డింగ్ చేయిస్తే అదే పని చవకలో అయిపోతుంది.

చవకే. డ్రిఫ్ట్ కుర్రాళ్ళు చేయించుకుంటారు కూడా. కానీ వెల్డింగ్ చేసినది లిమిటెడ్ స్లిప్ కాదు, శాశ్వతంగా తొక్కిపెట్టిన ట్రాక్టర్ పెడల్. పార్కింగ్‌లో తిప్పిన ప్రతిసారీ లోపలి టైరు కీచుమని ఈడ్చుకుపోతుంది, యాక్సిల్ షాఫ్టులు మెలిపడతాయి. వెల్డింగ్ ముక్క ఒకటి ఊడి పళ్ళ మధ్య పడితే క్రౌన్ పినియన్ గోవిందా. రోడ్డు మీద తిరిగే కారుకు ఈ పని చేయించకూడదు. ఇందులో రెండో మాట లేదు.

అపోహ: పాతది తీసి కొత్తది బిగించడమేగా!

వెనక చక్రాల కారులో క్రౌన్ వీల్‌ను కొత్త కేసు మీదికి మార్చి, షిమ్‌లనే పల్చటి రేకులతో పళ్ళ మధ్య సందు (బ్యాక్‌లాష్) మళ్ళీ కుదర్చాలి. మంచి మెకానిక్ క్రౌన్ పళ్ళకు రంగు పేస్టు పూసి, చేత్తో తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో చూస్తాడు. ముద్ర పంటి మధ్యలో పడాలి. కొసకో మొదటికో పడితే షిమ్ మార్చి మళ్ళీ మొదలు. ఈ ఓపిక లేని చోట బిగించిన డిఫరెన్షియల్ కొన్నాళ్ళకే ఊళపెడుతుంది. ముందు చక్రాల కార్లలో అయితే గేర్‌బాక్స్ దించి విప్పాల్సిందే. కూలీ కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

అపోహ: మలుపులో టకటకమని శబ్దం వస్తోందంటే పాడైపోయినట్టే.

గేర్ల రకంలో వస్తే అనుమానించాలి. క్లచ్ రకంలో, అందులోనూ బిగింపు ఎక్కువ పెట్టినదాంట్లో, మెల్లగా తిప్పేటప్పుడు ప్లేట్లు పట్టి వదిలే చప్పుడు మామూలే. ముందు గేర్ ఆయిల్ సంగతి చూడండి. ఈ రకానికి ఘర్షణను మెత్తబరిచే అడిటివ్ ఉన్న ఆయిలే పోయాలి. కొత్తది వేశాక, తయారీదారు చెప్పినట్టు ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా తిప్పి ప్లేట్లను కుదురుకోనివ్వాలి. తర్వాత ప్లేట్ల పొడి చేరిన ఆ మొదటి ఆయిల్‌ను తీసేయాలి. ఇంత చేశాక కూడా శబ్దం పెరుగుతూ పోతుంటే విప్పించి ప్లేట్ల మందం కొలిపించండి.