బాస్ గిటారు వాయించు పిల్లల చెవులు

బరంపురమున రెండేండ్ల కొకమారు వచ్చు ఠాకురాణీ యాత్ర దినములలోను, గంజాం జిల్లాలోని వినాయక చవితి పందిళ్ల వద్దను ఆర్కెస్ట్రాలు వినుట మనకు అలవాటే. వానిలో బాస్ గిటారు వాయించు కుర్రవాని వెనుక యాంప్లిఫయరు పెట్టె యుండును. దానికి బదులు చెవిలో అమర్చుకొను ఇన్-ఇయర్ మానిటరు కొనిపెట్టుమని పిల్లలడిగినచో ఏమి చేయవలెనో తల్లిదండ్రులకు తెలుపుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బాస్ గిటారు మంద్రతంత్రి సెకనుకు సుమారు 41 మారులు కంపించును. ఆ ధ్వని తరంగము పొడవు 8 మీటర్లకు మించును గనుక అది ఒక దిక్కునకే పోక వేదిక యంతట వ్యాపించును. పెట్టె కాళ్ల యొద్ద నుండుటచే స్వరము వాయించువాని చెవికి స్పష్టముగా సోకదు. అతడు శబ్దము పెంచును. డ్రమ్ములవాడు మరింత గట్టిగా కొట్టును. గాయకుడు తన స్పీకరు పెంచుమనును. ఈ పోటీకి అంతు లేదు.

చెవికి మాత్రము అంతు కలదు. వారమునకు 80 డెసిబెళ్ల శబ్దమును 40 గంటలు వినవచ్చుననియు, 90 అయినచో 4 గంటలే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. లోపలి చెవిలోని కేశకణములు నశించినచో మరల పుట్టవు.

1995లో అమెరికాలో జెర్రీ హార్వే అను శబ్ద నిపుణుడు డ్రమ్ముల వాద్యకారుడు అలెక్స్ వాన్ హేలెన్ కొరకు ఇట్టి మానిటరును చేసియిచ్చెను. ఇది బయటి రొదను అడ్డగించును గనుక తక్కువ శబ్దమే చాలును. అయితే చెవిలో బిగువుగా అమరనిచో మొదట పోవునది మంద్రస్వరమే. అంతట బాస్ వాయించువాడు శబ్దము పెంచును, మేలు కీడగును. చప్పట్లు వినుటకు ఒక చెవిది తీసివేయుట మరియు చెడ్డ అలవాటు. ఎవరికి కావలసిన పాలు వారికి విడిగా పంపగల మిక్సరు లేని ఆర్కెస్ట్రాలో ఈ ఖర్చు దండుగ. పెట్టె నుండి ఒంటికి తగులు అదురు కూడ ఇందులో నుండదు. కొందరికది వెలితిగా తోచును.

కావున నేర్చుకొను పిల్లవానికి చిన్న పెట్టె చాలునని మా అభిప్రాయము. దానిని ఎత్తుపీటపై చెవివైపు వాల్చి పెట్టవలెను. మంచి మిక్సరున్న వేదికలెక్కు వానికి మానిటరు కొనుడు. గిటారుకు ఎట్లును తీగ యుండును గనుక తీగలేని ఖరీదైన రకము అనవసరము. హఠాత్తుగా పెరుగు శబ్దమును ఆపు లిమిటరు ఉన్నదో లేదో అడుగుడు.

కార్యక్రమము మరునాడు కూడ చెవిలో గింగురుమను మోత తగ్గకున్నచో, (బడి గంట వినబడలేదను పిల్లల సంగతి వేరు!) బరంపురములోని ఎం.కె.సి.జి. వైద్యకళాశాల ఆసుపత్రిలో చెవి వైద్యునకు చూపింపుడు.