వచ్చినవారు వచ్చినట్లే మరలిరి

ఎదిరిజట్టులోని తొమ్మండుగురును తలకు మూడేసి పర్యాయములు, వెరసి 27 మారులు బ్యాటు పట్టి నిలువగా, ఒక్కరైనను మొదటి బేస్‌ను చేరనేరక, స్వశక్తివలన హిట్టు గాని, పిచర్ గురితప్పి విసరిన నాలుగు బంతుల పుణ్యమున దొరకు వాక్ గాని, ఫీల్డర్ల పొరపాటువలని అవకాశము గాని పొందక, వచ్చినవారు వచ్చినట్లే మరలిపోవుటను బేస్‌బాల్‌లో పర్‌ఫెక్ట్ గేమ్ అందురు. అమెరికా మేజర్ లీగుల పురుషులలో దీనిని రెండుమారులు సాధించినవాడు నేటికిని లేడు. జీన్ ఫౌట్ అను వనిత 1951 జూలై 21న రాక్‌ఫర్డ్ పీచెస్‌పై నొకమారును, 1953 సెప్టెంబరు 3న కలమజూ లాసీస్‌పై మరియొకమారును సాధించెను.

ఈమె 1924లో పెన్సిల్వేనియాలోని ఈస్ట్ గ్రీన్‌విల్ అను చిన్న ఊర జన్మించి, అచటి పురుషుల జట్టుతో సాధన చేయుచు పెరిగినది. రెండవ ప్రపంచయుద్ధమునకు ఆటగాండ్రు తరలిపోవగా, చూయింగ్‌గమ్ వ్యాపారియు చికాగో కబ్స్ యజమానియు నగు ఫిలిప్ రిగ్లీ 1943లో స్త్రీల వృత్తిలీగు నొకదానిని నెలకొల్పెను. ఆటకత్తెలకు పొట్టిలంగాలు తొడిగించి, తొలి యేండ్లలో అలంకరణపాఠములు సైతము చెప్పించిరి. బేస్‌కై నేలపై జారినప్పుడెల్ల తొడల చర్మము గీరుకొనిపోవుచుండ, చూపరుల కన్నుల పండువకై ఆ దుస్తులనే పట్టియుంచిన యజమానుల అభిరుచిని నేను మెచ్చజాలను.

ఆ లీగు పుట్టిననాడు ఆడినది, నిక్కము చెప్పవలెనన్న, బేస్‌బాల్ కాదు. 12 అంగుళముల చుట్టుకొలత గల సాఫ్ట్‌బాల్ బంతిని 40 అడుగుల దూరమునుండి చేయి క్రిందుగా త్రిప్పి విసరువారు. రానురాను బంతి చిక్కుచు, దూరము హెచ్చుచు, 1946లో ప్రక్కచేతివాటున విసరుటకును, 1948లో భుజముమీదుగా విసరుటకును అనుమతి కలుగగా, పాతపద్ధతి నారితేరిన పిచర్లు పలువురు దారి తప్పిరి. 1946లో సౌత్ బెండ్ బ్లూ సాక్స్ జట్టున మూడవ బేస్ కాపరిగా చేరి, ఆ యేడే పిచర్‌గా మారిన ఫౌట్‌కు మాత్రము, చిన్ననాడు పురుషులయొద్ద నేర్చిన విద్యయే కాలము కలిసివచ్చి అక్కరకు వచ్చెను. వేగము నొక్కదానినే నమ్మక, వంపుబంతిని, మందగతి బంతిని సమయోచితముగా మార్చి మార్చి విసరుచు, 1949లో 24 విజయములు గడించినది. ఎనిమిదేండ్లలో ఆమె గెలిచినవి 140, ఓడినవి 64. తొమ్మిది ఇన్నింగ్సులకు ఆమె ఇచ్చిన పరుగుల సగటు 1.23.

అయినను నా దృష్టిలో ఆమె పరాక్రమమునకు గీటురాయి 1952. ఆ యేడు 20 గెలిచి రెండే ఓడినది. కాని జట్టులో ఆమె స్థితి కడు ఇరకాటమైనది. మాజీ పిచరగు ఆమె భర్త కార్ల్ విన్ష్ 1951నుండి ఆ జట్టుకే మేనేజరు. ఆయన ఒక క్రీడాకారిణిని సస్పెండు చేయగా, ఆమె పక్షమున మరి అయిదుగురు, ప్లేఆఫ్‌లు ముంగిట నిలిచిన తరుణమున, జట్టును వీడిపోయిరి. మేనేజరుపై కినుక గలవారు మేనేజరు భార్యతో మనసిచ్చి మాటాడుదురా? ఇంట భర్తయు మైదానమున అధికారియు నొక్కడే యైనప్పుడు, ఆమెకు ఏ పక్షమును తనది కాలేదు. మిగిలిన పన్నెండుగురే గ్రాండ్ రాపిడ్స్ జట్టును దాటి, తుదిపోరున రాక్‌ఫర్డ్ పీచెస్‌ను 3-2తో ఓడించిరి. నిర్ణాయకమగు అయిదవ ఆట ఫౌట్ విసరి గెలిచినదే కాక, బ్యాటుతో రెండు ట్రిపుల్స్ సైతము కొట్టెను. ఈ లీగును గూర్చి 1992లో వెలువడి లోకమును మెప్పించిన ‘ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్’ చలనచిత్రము చూచినవారికి పీచెస్ పేరే పరిచితము. పీచెస్‌ను ఇన్నివిధముల నిలిపిన చేయి యెవరిదో తెలిసినవారు అరుదు.

1951లోవలె 1953లోను లీగు ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికై, రెండవ పర్‌ఫెక్ట్ గేమ్ ముగించిన ఆ యేడే, ఆట తరుగక మునుపే ఫౌట్ విరమించినది. జట్టులోని ఆ పొరపొచ్చెములే ఆమెను వెడలగొట్టినవని నా అభిప్రాయము. మరుసటి యేడు లీగే మూతపడెను. పిమ్మట ఆమె బౌలింగ్ క్రీడను వృత్తిగా చేపట్టి, అందును పేరుగాంచి, 2023లో తన 98వ యేట కన్నుమూసినది.