పాత గేమింగ్ లాప్‌టాప్‌కు ఏ ర్యామ్? ఏ ఎస్.ఎస్.డి.?

ఇంజనీరింగ్‌లోనో, ఎం.సి.ఎ.లోనో చేరిన మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈమధ్య ఫోన్ చేస్తే ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా! పాత గేమింగ్ లాప్‌టాప్ ఒకటి తక్కువకు వస్తోంది. ర్యామ్, ఎస్.ఎస్.డి. వేయిస్తే కోర్సు అయ్యేదాకా గడుస్తుందా?" గడుస్తుంది. కానీ ఏది పడితే అది కొంటే గడవదు. స్కాలర్‌షిప్ డబ్బుతోనో, ఇంట్లో వాళ్లు కూలి డబ్బుల్లో మిగిల్చి పంపిన దానితోనో కొన్న వస్తువు స్లాటులో పట్టకపోతే, షాపువాడు "సీలు తీశారు, వాపసు తీసుకోం" అంటే, రెండోసారి కొనే స్తోమత మనలో చాలామందికి ఉండదు. అందుకే మన వార్షికోత్సవ సంచికలో ఈ విషయం రాస్తున్నాను.

ముందుగా ర్యామ్ ఏమిటో, డిస్క్ ఏమిటో చూద్దాం. డిస్క్ అంటే మన మంచం కింద ఉండే ట్రంకు పెట్టె. ర్యామ్ అంటే చదువుకునే బల్ల. పుస్తకాలన్నీ పెట్టెలోనే ఉంటాయి, చదవాలంటే బల్ల మీదికి తీయాలి. బల్ల చిన్నదైతే ఒకటి తీసినప్పుడల్లా ఇంకొకటి పెట్టెలో పెట్టాలి. 2015 నుంచి 2018 వరకు వచ్చిన గేమింగ్ లాప్‌టాప్‌లలో చాలావాటికి 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉండేవి. ప్రాసెసరు ఇప్పటికీ గట్టిదే. నెమ్మదించేది ఈ రెండిటి వల్లనే. మంచి సంగతేమిటంటే, మార్చుకోగలిగేవి కూడా దాదాపు ఈ రెండే. ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు మదర్ బోర్డుకు అతికించి ఉంటాయి. ర్యామ్ పెంచితే గ్రాఫిక్స్ మెమరీ కూడా పెరుగుతుందని కొందరు అనుకుంటారు. జీటీఎక్స్ 1050 చిప్పు పక్కన ఉన్న 4 జీబీ మెమరీ వేరు, మనం వేసే ర్యామ్ వేరు. అది 4 జీబీగానే ఉంటుంది.

ఏది పడుతుందో చెప్పేది షాపువాడు కాదు, డబ్బా మీది బొమ్మ అంతకన్నా కాదు, మన మదర్ బోర్డు. కనుక లాప్‌టాప్ తిరగేసి, అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబరు రాసుకోండి. "డెల్ గేమింగ్", "లెనోవో గేమింగ్" అంటే చాలదు. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీసు మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. ఉదాహరణకు, 2017లో వచ్చిన డెల్ ఇన్‌స్పిరాన్ 15 7567 మాన్యువల్ చూస్తే రెండు ర్యామ్ స్లాట్లు, డి.డి.ఆర్.4, 2400 వేగం, గరిష్ఠంగా 32 జీబీ, ఒక ఎం.2 స్లాటు, ఒక 2.5 అంగుళాల డిస్క్ గూడు అని స్పష్టంగా ఉంటుంది. ఇంత తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక ర్యామ్. లాప్‌టాప్‌లో పట్టేది పొట్టి రకం, దాన్ని ఎస్.ఓ.డిమ్ అంటారు. డెస్క్‌టాప్‌ది పొడుగు రకం. పొట్టివాటిలో కూడా తరాలున్నాయి. డి.డి.ఆర్.3కి 204 పిన్నులు, డి.డి.ఆర్.4కి 260, డి.డి.ఆర్.5కి 262. గాటు ఉండే చోటు కూడా వేరు వేరు. ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. అసలు చిక్కు డి.డి.ఆర్.3 దగ్గర ఉంది. అందులో 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టుల డి.డి.ఆర్.3ఎల్ ఇంకొకటి. చూడటానికి రెండూ ఒకటే, స్లాటులో రెండూ దిగుతాయి. కానీ ఇంటెల్ 4వ తరం లాప్‌టాప్‌లు 1.35 వోల్టులదే కోరతాయి. 2014 నాటి లెనోవో వై50 ఇలాంటిదే. మన జూనియర్ ఒకతను ఇదే మోడల్‌కు మామూలు డి.డి.ఆర్.3 కొనుక్కొచ్చాడు. ఆన్ చేస్తే తెర మీద ఏమీ రాలేదు. బోర్డు పోయిందనుకుని రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. ఆ ముక్క తీసేస్తే మామూలుగానే ఆన్ అయింది. పోయింది బోర్డు కాదు, డబ్బులు. స్టిక్కరు మీద పి.సి.3 అని మాత్రమే ఉంటే 1.5 వోల్టులది, పి.సి.3ఎల్ అని ఉంటే 1.35 వోల్టులది. ఆ ఒక్క అక్షరం చూసుకోవాలి.

వేగం గురించి అంత బెంగ అక్కర్లేదు. 2400 బోర్డులో 3200 ముక్క వేస్తే అది సాధారణంగా 2400 దగ్గరే పనిచేస్తుంది. చెడిపోదు, అలాగని అదనపు లాభమూ లేదు. లాభం వచ్చేది జతలో. డి.డి.ఆర్.4 2400 ఒక్క ముక్క సెకనుకు 19.2 జీబీల దాకా అందించగలదు. రెండు ముక్కలు రెండు స్లాట్లలో ఉంటే 38.4 జీబీలు. మెస్సులో అన్నం వడ్డించడానికి ఒక గరిటె బదులు రెండు గరిటెలు పెట్టినట్టు. అందుకే 8 జీబీ ఒక్కటే ఉన్న లాప్‌టాప్‌కు ఇంకో 8 జీబీ జతచేయడం అన్నిటికన్నా చవకైన మేలు. పాతదాన్ని తీసేసి 16 జీబీ ఒకే ముక్క వేయడం నా దృష్టిలో దండగ. 8కి 4 జత చేసినా పనిచేస్తుంది, అయితే జోడీ వేగం మొత్తానికీ రాదు. విప్పకుండానే తెలుసుకోవాలంటే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో, వేగం ఎంతో అక్కడ కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో కొంత ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, కాబట్టి మాన్యువల్ కూడా చూడాలి.

చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే ఏది ముందు? సందేహం లేకుండా ఎస్.ఎస్.డి. నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో ఒక్కో చిన్న ఫైలును వెతికి పట్టుకోవడానికే 10 మిల్లీసెకన్లు దాటుతుంది. ఎస్.ఎస్.డి.కి అందులో నూరో వంతు చాలు. విండోస్ మొదలవడమంటే వేలాది చిన్న ఫైళ్లు చదవడమే కదా!

ఎస్.ఎస్.డి. మూడు రకాలుగా కనిపిస్తుంది. 2.5 అంగుళాల సాటా రకం పాత హార్డ్ డిస్క్ స్థానంలోనే కూర్చుంటుంది. మందం 7 మిల్లీమీటర్లు. పాత డిస్క్ 9.5 అయితే సందు మిగులుతుంది, చిన్న ఫ్రేము పెడితే కదలదు. వేగం సెకనుకు 550 ఎంబీ వరకు. రెండోది, మూడోది ఎం.2 పట్టీలు. చూయింగ్ గమ్ బిళ్లలా ఉంటాయి, కానీ ఒకటి సాటా, ఇంకొకటి ఎన్.వి.ఎం.ఈ. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, లోపల మాట్లాడే భాష వేరు. సాటా పట్టీకి సాధారణంగా రెండు గాట్లు, ఎన్.వి.ఎం.ఈ.కి ఒక గాటు ఉంటుంది. మోసపోయేది ఇక్కడే. ఎన్.వి.ఎం.ఈ. పట్టీ దిగినంత మాత్రాన ఆ స్లాటు దాన్ని గుర్తిస్తుందని లేదు. కొన్ని పాత బోర్డుల ఎం.2 స్లాటు సాటాకే పరిమితం. పైన చెప్పిన 7567లో రెండూ పనిచేస్తాయి. పొడవు కూడా చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు.

పాత బోర్డులు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ 3.0వి. వాటిలో వేగం సెకనుకు సుమారు 3500 ఎంబీ దగ్గర ఆగుతుంది. 7000 అని రాసి ఉన్న 4.0 రకం కొన్నా అంతే వస్తుంది. కనుక ఎక్కువ డబ్బు పెట్టవద్దు. నిజం చెప్పాలంటే, హార్డ్ డిస్క్ నుంచి మామూలు సాటాకు మారినప్పుడు కలిగే సంతోషం, సాటా నుంచి ఎన్.వి.ఎం.ఈ.కి మారితే కలగదు.

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే కంపెనీ అంగీకరిస్తుంది. అంటే 7వ తరం లాప్‌టాప్‌కు ఎంత ర్యామ్ వేసినా ఈ గోడ అలాగే ఉంటుంది. ప్రోగ్రామింగ్ చదివేవారికి ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి హాయిగా సరిపోతాయి. విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ మీ కోర్సులో తప్పనిసరైతే, పాత 7వ తరం తక్కువకు వస్తోందని తొందరపడకుండా, నాలుగు డబ్బులు ఎక్కువైనా 8వ తరం దాటినదే చూడండి.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏ.ఐ. డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోవడం ఇందుకు ప్రధాన కారణం. కాబట్టి ర్యామ్ విషయంలో సెకండ్ హ్యాండ్‌ను నేను తప్పు పట్టను. అందులో అరిగేదేమీ లేదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కొనేటప్పుడు లాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, అక్కడే వేయించి, టాస్క్ మేనేజర్‌లో చూసుకుని డబ్బివ్వండి. ఎస్.ఎస్.డి. మాత్రం కొత్తదే కొనండి, ఎందుకంటే రాసిన కొద్దీ అది అరుగుతుంది. నమ్మలేనంత తక్కువ ధరకు 2 టీబీ అంటూ అమ్మేవాటి జోలికి పోవద్దు. పరిమాణం దొంగగా చూపించి, అసలు చోటు నిండగానే ఫైళ్లను పాడుచేసేవి వాటిలో ఉంటాయి.

బిగించేటప్పుడు ముందు ఫైళ్లన్నీ వేరేచోట కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. మూత తీశాక మొదట బ్యాటరీ తీగ ఊడదీయాలి. కొత్త ఎస్.ఎస్.డి.లో విండోస్ ఎక్కించేటప్పుడు పాత హార్డ్ డిస్క్‌ను విప్పి పక్కన పెట్టండి. లేకపోతే బూట్ ఫైళ్లు పాతదానిలోనే ఉండిపోయి, రేపు దాన్ని తీసేసిన రోజున కొత్తది లేవదు. లాప్‌టాప్‌తో వచ్చిన అసలు విండోస్ అయితే లైసెన్సు మదర్ బోర్డుకు ముడిపడి ఉంటుంది, అదే ఎడిషన్ ఎక్కిస్తే నెట్ కలపగానే యాక్టివేట్ అవుతుంది. తీసిన హార్డ్ డిస్క్‌ను యు.ఎస్.బి. కేసులో పెట్టుకుంటే ప్రాజెక్టు ఫైళ్లు దాచుకోవడానికి పనికొస్తుంది.