క్యూ వెంట యు లేనప్పుడు

ఇచ్చిన అక్షరంతో అయిదక్షరాల ఆంగ్లపదం వెదకమంటే 'ఇ' సులభం, 'క్యూ' కఠినం. 1930వ దశకపు ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం కోల్పోయిన అమెరికన్ ఆర్కిటెక్టు ఆల్‌ఫ్రెడ్ బట్స్, పత్రికలలో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తున్నదో లెక్కించి స్క్రాబుల్ ఆటను రూపొందించారు. అందలి 100 బిళ్ళలలో 'ఇ' 12. 'క్యూ' ఒక్కటే, దాని విలువ 10 పాయింట్లు.

మన కుటుంబాలలో తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు ఇటువంటి ఆటలకు వెనుకాడడం చూస్తున్నాము. వారికి మా సూచన: పదాలను కంఠస్థం చేయడం కన్న, అక్షరం ఎక్కడ నిలువగలదో పరిశీలించడం మేలు. 'క్యూ' వెంట సాధారణంగా 'యు' ఉంటుంది: క్వీన్, క్విక్, ఈక్వల్. చేతిలో 'యు' లేనప్పుడు మనకు పరిచితమైన మాటలనే తలచుకుందాము. ఫకీర్, తలాక్, నికాబ్: అరబ్బీ మూలం గల ఈ మూడూ ఆంగ్ల నిఘంటువులలో 'క్యూ'తో దొరికే అయిదక్షరాల పదాలే. వేటిలోనూ 'యు' లేదు.

ఎరిగిన భాష ఆంగ్లానికి అడ్డు కాదు, ఆసరా. ఇక మీ వంతు: 'జెడ్'తో మొదలయ్యే అయిదక్షరాల పదమొకటి పరిషత్ కార్యాలయాల ఆంగ్ల బోర్డులపై మనమందరం చూసినదే. పిల్లలతో కలిసి వెదకండి.