చెరువు మేతలో సముద్రపు చేప

గోదావరి డెల్టాలో వరిచేలనేకము చేపల చెరువులుగను, రొయ్యల చెరువులుగను మారిన సంగతి పాఠకులెఱిగినదే. వరికి ఎరువెట్టిదో చెరువునకు మేత యట్టిది. రొయ్యల సాగు ఖర్చులో సగమునకు మించినది మేతకే పోవుచున్నది. అయినను ఆ బస్తాలో నేమున్నదని విచారించువారు కొద్దిమంది. అందు కొంతభాగము సముద్రమునుండి పట్టితెచ్చిన చేపయే యగుటచేత, ఈ విషయమును సంఘసభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

మొదట నొక భేదమును గ్రహింపవలెను. బొచ్చె, శీలావతి చేపల పెంపకమునకు సముద్రపు చేప అంతగా అక్కఱలేదు. కొల్లేటి ప్రాంతమునందును, భీమవరము, ఆకివీడు వైపులను రైతులు నూనె తీసిన తవుడును, వేరుసెనగ చెక్కను, పత్తిగింజల చెక్కను కలిపి, చిల్లులుగల సంచులలో నింపి చెరువులో వ్రేలాడగట్టుచున్నారు. చేపలు ఆ చిల్లులకడ నోరుపెట్టి తినును; మేత అడుగునకు పోయి వృథా యగుట తగ్గును.

రొయ్యల సంగతి వేఱు. టైగరు రొయ్యయు, 2009లో ప్రభుత్వానుమతి లభించిన పిదప వనామి రొయ్యయు మన తీరమున వ్యాపించినవి. వీనికి మాంసకృత్తులు హెచ్చుగా కావలెను. కవళ్లు, నెత్తళ్లు మొదలగు చిన్న చేపలను ఉడికించి, పిండి, ఎండబెట్టి దంచిన చేపపొడి వాని మేతకు ముఖ్యాధారమైనది.

దీని లెక్క చూడుడు. కిలో చేపపొడికి సుమారు నాలుగున్నర కిలోల పచ్చిచేప పట్టును. టన్ను రొయ్యలకు టన్నున్నర మేత వేసి, అందు నూటికి 20 పాళ్లు చేపపొడి యున్నదనుకొందము. పొడి 300 కిలోలు. అందులకు పచ్చిచేప 1,350 కిలోలు. పండినదానికంటె పెట్టినదే యెక్కువ! అదే పొడి 10 పాళ్లకు దిగి, మేత 1,200 కిలోలతో సరిపోయినచో, చేప 540 కిలోలు చాలును. శుద్ధి కర్మాగారములలో మిగిలిన తలలు, ముళ్లతో చేసిన పొడి యైనచో ఇంకను తగ్గును.

ఈ చిన్న చేపలే పేదల యింట కూర. ఎండబెట్టినచో వానకాలమునకు నిల్వ. పిల్లచేపలను గూడ మరకు పంపినచో, కాకినాడ, నరసాపురము, అంతర్వేది తీరముల మత్స్యకారుల వలకు రేపు చిక్కునదేమి? రైతునకును ఇందు నష్టమున్నది. పెరూ దేశపు సముద్రమున 1972లో నెత్తళ్ల జాతి చేప క్షీణించినది. 2023లో అచ్చటి మొదటి విడత వేట రద్దయినది. ఇట్టి సమయములందు లోకమంతట చేపపొడి ధర పెరుగును. ఆ భారము మన బస్తాపై పడకపోదు.

ప్రత్యామ్నాయములు లేకపోలేదు. నార్వే దేశమున సాల్మను చేపల మేతలో 1990లో నూటికి సుమారు 90 పాళ్లుండిన సముద్రపు పదార్థములు 2020 నాటికి 22 పాళ్లకు తగ్గినవి. చెన్నపట్టణమున 1987లో నెలకొన్న కేంద్ర ఉప్పునీటి జలచర పరిశోధన సంస్థ, స్వదేశపు దినుసులతో వనామి ప్లస్ అను మేతను, చేపల అంగళ్ల వ్యర్థములనుండి ప్లాంక్టన్ ప్లస్ అను ద్రవమును తయారుచేసినది.

అయితే చేపపొడిని తీసివేసి ఆ స్థానమున సోయా చెక్కను పోసినంతమాత్రమున పని నెరవేరదు. పచ్చి సోయాలో జీర్ణమును చెఱచు పదార్థములు కలవు. వానిని వేడిచే పోగొట్టవలెను. లైసిను, మెథియొనైను లోటును పూరింపవలెను. రొయ్యకు కొలెస్టరాలు, చేపనూనెలోని క్రొవ్వులు కొంతయైనను అందవలెను. కావున సొంతముగా కలుపుకొనుటకంటె, తూకము తెలిసి తయారుచేసిన మేతను ముందుగా నొక చెరువున పరీక్షించుట మేలు.

సభ్యులు నేడే చేయదగినవి మూడు కలవు. ఒకటి: చెక్ ట్రేలను ప్రతిపూట చూచి, మిగిలిన మేతనుబట్టి మరుసటి పూట తగ్గించుట. వృథా తగ్గినచో డబ్బును మిగులును, చెరువడుగును చెడదు. రెండు: చెక్కలను చెమ్మ తగులనిచోట నిల్వచేయుట, బూజుపట్టిన వేరుసెనగ చెక్కలో విషము పుట్టును. మూడు: చేపపొడి యెంత, అది యెచ్చటి చేప యని మేత అమ్మువారిని అడుగుట. ఒంటరి రైతు అడిగినచో బదులు రాకపోవచ్చును. నూఱుమంది కలిసి కొను సంఘము అడిగినచో చెప్పక తప్పదు. సహకారమునకు ఇంతకంటె తగిన పని యేది?